ఆయన దగ్గు

1958 మే 2, శుక్రవారం. మార్కాపురం

ఈ డైరీ పోయిన ఏడాదిది. పలకల చట్రాలకు కొయ్య పంపే వాళ్ళు ఆయనకిచ్చారు, ఆయన నాకిచ్చారు, నేను బియ్యం డబ్బా మీద పెట్టి మరిచాను. తారీఖులు సరిపోతాయి, వారాలే ఒక రోజు వెనకున్నాయి. కొట్టేసి దిద్దుకుంటాను. ఎవరికీ చెప్పుకోలేనిది ఎక్కడో ఒకచోట పెట్టకపోతే నాకు అన్నం దిగేట్టు లేదు.

ఆయన ఊపిరితిత్తుల్లో పలక దుమ్ము చేరింది. రాశాను. రాసినందుకు కొంపేమీ మునగలేదు.

పోయిన నెల కర్నూలు పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఎక్స్‌రే ఆయనకే. "పనిలో పనిగా నువ్వూ నిలబడు, పోయేదేముంది" అని నన్నూ నిలబెట్టారు. ఫోటో తీసేవాడు మెడలో బంగారం తీసెయ్యమన్నాడు. నగలన్నీ తీశాను గానీ, పుస్తెల జోలికి రావద్దన్నాను. వాడు అరిచాడు. నేనూ అరిచాను. చివరికి ఆయన ఇద్దరినీ బతిమాలి గొలుసు వెనక్కి తిప్పించారు. పుస్తెలు వీపు మీదికి పోయాయి, ముందు వైపు ఏమీ లేదు, ఇంకేం కావాలి? వాడు నెత్తి కొట్టుకున్నాడు.

రెండు రోజులకు ఆయన ఖాకీ రంగు పెద్ద కవరు తెచ్చి పెట్టె అడుగున పెట్టారు. "నీకేం లేదంట. నాకే కొంచెం దుమ్ము పట్టిందంట. చల్లని కొండల్లో ఒక నెల ఉంటే సర్దుకుంటదంట" అన్నారు. ఎంత తేలిగ్గా అన్నారో!

మదనపల్లె క్షయ ఆసుపత్రి దగ్గరే కదా అన్నాను. మదనపల్లె అని నోటితో అంటే చాలు, మార్కాపురంలో మాకు జబ్బు పేరు జనమే పెట్టేస్తారట. అందుకని పఠాన్‌కోట దాటి డల్హౌసీ. ఊళ్ళో వాళ్ళు "కాశీకా? బదరీకా?" అని అడుగుతున్నారు. దేవుడు లేని ఊరికి అంత ఖర్చు పెట్టి పోతున్నామంటే ఎవరు నమ్ముతారు? బదరీకే అన్నాను. తప్పు నాదే, చెంపలు వేసుకున్నాను.

మే 3

మా చెన్నమ్మను కంభంలో ఆడబిడ్డ కనకమ్మ వదిన దగ్గర దింపాం. పదేళ్ళ పిల్ల, ఏడవలేదు. అది ఏడవకపోయేసరికి నేను ఏడ్చాను.

మే 5. రైల్లో

బొగ్గు పొగకు నాకు ఒకటే దగ్గు. ఆయన దగ్గు లెక్కపెడుతున్నాను. పొద్దుటి నుంచి ఐదు.

అబ్దుల్ వహాబు మాతో వస్తున్నాడు. మా పలకల షెడ్డులో మేస్త్రీ. వాళ్ళ నాయన దగ్గరే మా ఆయన పని నేర్చుకున్నారు. మాకు హిందీ రాదు, వహాబుకు ఉర్దూ వచ్చునని వెంట తెచ్చుకున్నాం. నాగపూరులో వహాబు మాట్లాడిన ఉర్దూకు టీ అమ్మేవాడు పక్కవాణ్ణి పిలిచి మరీ నవ్వాడు. "నవ్వనీలే వదినా, టీ అయితే ఇచ్చినాడు గదా" అన్నాడు వహాబు.

"ఏం హైమా, పుట్టింటికి పోతుండావు. మీ నాయన సారె పెట్టి పంపుతాడా, ఉత్త మంచు పెట్టి పంపుతాడా?" అని ఆయన హాస్యం. హైమవతి అని పేరు పెట్టిన పాపానికి ఢిల్లీ దాకా ఇదే. జబ్బు మనిషికి ఇంత హాస్యం ఎక్కడి నుంచి వస్తోంది? నన్ను నవ్వించడానికే. లోపల ఎంత కుములుతున్నారో.

మే 7. డల్హౌసీ

బస్సులో కొండ మలుపులకు వాంతులు. నాకే. ఆయన నిక్షేపంగా ఉన్నారు. ఉండి తీరాలి అనుకుని ఉన్నట్టున్నారు.

మే 8, గురువారం

మనుషులు తక్కువ, చెట్లు ఎక్కువ. ఎవరో దొర కట్టి వదిలేసి పోయిన ఇంట్లో రెండు గదులు. కిటికీ తీస్తే ఎదురుగా మంచుకొండ. ఇది చూసి మనసు నెమ్మదిస్తుందని అందరూ చెప్పారు. నాకు అంత తెలుపు చూస్తే భయమేసింది. ఒక్క కాకి అరుపు కూడా లేదు. చప్పుడు లేకపోతే ఆయన దగ్గు ఇంకా బాగా వినిపిస్తుంది.

ఇంటికప్పు పలకలది! మార్కాపురం నుంచి ఇంత దూరం వస్తే నెత్తిమీద పలకలే. చేతి మందాన, నల్లగా, చేప పొలుసుల్లా పరిచారు. ఆయన బయట నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా చూశారు. "వీళ్ళు పలకల కింద కాపురం చేస్తుండారు. మనం పలకల దుమ్ములో చేసినాము" అన్నారు. ఆ మాట అని ఎందుకో నా వైపు చూసి టక్కున ఆపేశారు.

మధ్యాహ్నం ఆయన వీపుకు నీలగిరి తైలం రాశాను. రాస్తూ రాస్తూ నడి వేలు మడిచి కణుపుతో మోగించాను. పన్నెండేళ్ళు షెడ్డులో కూర్చుని పలకలు మోగించి ఏరిన చెయ్యి ఇది. నిండు పలక ఖంగుమంటుంది. లోపల పగులుంటే పైకి ఎంత నునుపుగా ఉన్నా దబ్బుమంటుంది. షెడ్డులో ఆయన పద్ధతి ఒకటుంది. మోగిస్తారు, మంచిదైతే "ఖరా" అని కుడిపక్కకు, చట్రం బిగించడానికి. కాకపోతే మాటా పలుకూ లేకుండా ఎడమపక్కకు. ఆ ఖరా అన్న మాట వహాబు నాయనది. ఇరవై ఏళ్ళలో దబ్బుమన్న పలకకు ఆయన ఖరా అనలేదు. సరుకు కోసం బండి ఎద్దులు కట్టుకుని వాకిట్లో నిలబడినా అనలేదు.

ఆయన వీపు ఖంగుమంది. ఆశ్చర్యపోయాను. డాక్టరు కూడా వేలితో మోగించే కదా చూసేది. మళ్ళీ మోగించాను. "ఏందే, తలుపు కొడుతుండావా? లోపల ఎవరూ లేరు" అన్నారు ఆయన.

మే 9

ఈరోజు దగ్గు నాలుగు. మోత బాగుంది.

మే 10, శనివారం

పొద్దున మాల్ రోడ్డు అని ఒకటుంటే నడిచాం. ఎత్తు. నాకు ఊపిరి ఆడటం లేదు, చలిగాలి అలవాటు లేక. ఎట్లా చెప్పాలా అనుకుంటుండగానే ఆయన రాతి అరుగు మీద కూలబడి "ఆగవే, నాకు ఆయాసం" అని దగ్గారు. దేవుడు చల్లగా చూశాడు, నేనూ కూర్చున్నాను. అట్లా ఏడు మలుపుల్లోనూ ఆగాం. ప్రతిసారీ సరిగ్గా నాకు అలసట వచ్చే వేళకే ఆయనకూ వస్తోంది. ఇరవై ఏళ్ళ కాపురం కదా, ప్రాణాలు ఒక్క తీరుకు వచ్చినట్టున్నాయి.

వహాబు నా చేతి సంచి లాక్కున్నాడు. ఆయనది మోయరా అంటే వినడు. "అన్నది అన్న మోస్తాడులే వదినా" అన్నాడు. ఇంత మొరటు వాడని అనుకోలేదు. జబ్బు మనిషి చేత బరువు మోయిస్తాడా?

మే 11

దగ్గు ఆరు. మబ్బు. ఏమీ చేయలేదు.

మే 14

ఇక్కడ కట్టెల పొగ ఘాటు. పొయ్యి ముందు కూర్చుంటే నాకు దగ్గు ఆగదు. ఆయన వంట తాను చేస్తానన్నారు! మార్కాపురంలో మంచినీళ్ళు ముంచుకోవడం తెలియని మనిషి. పప్పు అడుగంటింది. వహాబు, ఆయన ఎదురెదురుగా కూర్చుని బాగుంది బాగుంది అని తిన్నారు. ఆయన నన్ను దయగా చూడటం నాకు నచ్చడం లేదు. పోయేవాళ్ళే అట్లా మంచిగా మారతారని మా అమ్మ అనేది.

ఎందుకు రాశాను ఇది? కొట్టేస్తున్నాను.

మే 17, శనివారం

కంభం నుంచి ఉత్తరం. చెన్నమ్మ రాసింది. "అమ్మా, నేను బాగున్నాను. నీకు దగ్గు తగ్గిందా? చెరువు కాడ ఇంటికి సున్నం కొడుతుండారు. అత్త నాకు కిటికీ గది ఇస్తానంది. మంచు తెస్తానన్నావు, మర్చిపోవద్దు."

నాయనకు అని రాయబోయి నీకు అని రాసింది పిచ్చిపిల్ల. చెరువు కాడ ఇల్లేమిటి? కనకమ్మ వదిన ఉండేది బజారులో కదా. అడిగితే ఆయన "పిల్ల ఏందేందో రాస్తాది" అన్నారు. వహాబు లేచి నీళ్ళకు వెళ్ళాడు. బిందె నిండుగానే ఉంది.

మే 18

చలికి కాబోలు గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. మార్కాపురంలో సబ్బు పెడితే గానీ వచ్చేవి కావు.

మే 20, మంగళవారం

ఈరోజు పెట్టె అడుగున కవరును ముట్టుకున్నాను. తెరవలేదు. చల్లగా ఉంది. ఆయన వెనకే వచ్చి "వద్దు హైమా, చూస్తే నీకు నిద్ర పట్టదు" అని చేతిలోంచి తీసుకుని మళ్ళీ కింద పెట్టారు. ఎంత నెమ్మదిగా పెట్టారో. అంటే అందులో ఉన్నది అంత చెడ్డదా? మోత ఖంగుమంటోంది. ఫోటో చెడ్డదట. నా చెవిని నమ్మాలా, ఫోటోను నమ్మాలా? నా చెవి ఎప్పుడూ తప్పలేదు.

దగ్గు మూడు.

మే 21

దగ్గు మూడు. మోత బాగుంది. మోత బాగుంది.

మే 23, శుక్రవారం

తగ్గిపోయింది! నా కళ్ళతో చూశాను.

మధ్యాహ్నం నిద్రపోతానని పడుకున్నాను. నెత్తిమీద టకటక చప్పుడు. కిటికీలోంచి వంగి చూస్తే ఇంటికప్పు బాగు చేసే ముసలాయన నిచ్చెన వేసుకుని కప్పు మీద ఉన్నాడు, పక్కన మా ఆయన! పంచె పైకి కట్టి, ఒక పెద్ద పలకను భుజాన వేసుకుని నిచ్చెన మీద చకచకా ఎక్కారు. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆయాసం లేదు, దగ్గు లేదు. ప్రతి పలకా మోగించి "ఖరా" అని అరుస్తున్నారు. ఖరా అంటే ఆ ముసలాయనకూ తెలుసు! "ఖరా, ఖరా" అని ఇద్దరూ పిల్లల్లా నవ్వుతున్నారు. కింద నిచ్చెన పట్టుకున్న వహాబు "మెల్లగన్నా, వదిన లేస్తాది" అంటున్నాడు.

నాకు ఎంత సంతోషమైందంటే అక్కడే కిటికీ పట్టుకుని దండం పెట్టాను. చెన్నకేశవస్వామికి వెయ్యిన్నొక్క తమలపాకుల పూజ మొక్కుకున్నాను. బదరీ అని అబద్ధం ఆడినందుకు బదరీకి కూడా ఒకటి. ఇక ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఆయన దిగే లోపల పెట్టె సర్ది చూపించి ఆశ్చర్యపెడదామని పెట్టె లాగాను. అడుగున కవరు. ఇక దానికి భయపడేదేముంది? జబ్బే పోయాక ఫోటో ఏం చేస్తుంది? తీసి కిటికీకి పెట్టాను. మంచుకొండ వెలుగుకు అంతా స్పష్టంగా కనిపించింది.

పక్కటెముకలు. వాటి మధ్య రెండు వైపులా జొన్నపిండి చల్లినట్టు తెల్లటి చుక్కలు.

నడుమ రెండు గుండ్రటి బిళ్ళలు. పక్కపక్కనే.

పుస్తెలు.

మే 24

మోగించలేదు.

మే 25, ఆదివారం

ఎక్కడ పెట్టిన కవరు అక్కడే పెట్టాను. ఆయనకు తెలియదు. ఈరోజు ఆయన పోస్టాఫీసుకు వెళ్ళినప్పుడు వహాబును కూర్చోబెట్టాను.

"వహాబూ, ఆ ఫోటో ఎవరిది?"

చాలాసేపు నేల గీకాడు. "వదినా, అన్న నా చేత ఒట్టు ఏపిచ్చుకున్నాడు."

"నేను చూసినా. ఇంక ఒట్టు ఎక్కడిది?"

అప్పుడు వాడు ఏడ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. "పన్నెండేండ్లు షెడ్డులో కూసోని దుమ్ము తింటివి గదా వదినా. మేము మొగోళ్ళం బయటికీ లోపలికీ తిరిగినాము. నువ్వు పొద్దస్తమానం ఆడనే ఉంటివి. డాక్టరు ఏం చెప్పినాడంటే, పట్టింది పోదంట. కానీ దుమ్ముకు దూరంగా ఉంటే, గాలి మంచిదైతే ఏండ్లకేండ్లు ఉంటారంట. అందుకే కంభం చెరువు కాడ ఇల్లు తీసుకున్నాడు అన్న. షెడ్డు నేను చూసుకోవాల."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు కదుల్తావా? నాకోసం ఇంత ఖర్చు ఎందుకు, తులసాకు కషాయం చాలు అంటావు. అన్నకు రోగం అంటే మాత్రం పరిగెత్తుకుంటా వస్తావు. అన్నకు తెలుసు గదా నీ సంగతి."

నిజమే. వచ్చేదాన్ని కాదు.

కోపం వచ్చింది. నా ఊపిరి గురించి నాకు తప్ప అందరికీ తెలుసు. కనకమ్మ వదినకు, వహాబుకు, పదేళ్ళ పిల్లకు కూడా. నేనేమో ఆయన దగ్గులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఐదు, నాలుగు, ఆరు, మూడు. అన్నీ దొంగ దగ్గులు. నావి లెక్కపెట్టినవాళ్ళు ఉన్నారా? ఆయన పెట్టే ఉంటారు.

కోపం పోయాక భయం వచ్చింది. అది పోలేదు. చెన్నమ్మకు పదేళ్ళే. దానికి జడ వేసుకోవడం కూడా సరిగా రాదు.

మే 26

ఈ డైరీ మొదటి నుంచి చదివాను. రైలు బొగ్గు అని రాశాను. చలిగాలి అని రాశాను. కట్టెల పొగ అని రాశాను. గాజులు కూడా చలికే జారాయట. నాకు తెలియదని ఎవరితో అంటాను? మూడు వారాలుగా నా చేత్తోనే రాసుకుంటూ వచ్చాను.

మే 27, మంగళవారం

నడక. రెండో మలుపులో నాకు గాలి అందలేదు. ఆయన వెంటనే అరుగు మీద కూలబడి "ఆగవే, నాకు ఆయాసం" అన్నారు. దగ్గారు కూడా. ఇప్పుడు తెలిసి వింటే ఎంత చేతగాని దగ్గో! గొంతులోంచే, మేక దగ్గినట్టు. ఇంత చేతగాని దగ్గుకు నేను ఇన్నాళ్ళు వణికిపోయాను.

చెప్పేద్దామనుకున్నాను. ఆయన కండువాతో నుదురు తుడుచుకుంటున్నారు. చెమట లేదు. పొడి నుదురు తుడుచుకుంటూ ఓరగా నా గుండెల వైపు చూస్తున్నారు, ఎగశ్వాస తగ్గిందా లేదా అని. "కూర్చోండి, తొందరేముంది" అన్నాను. ఏడు మలుపులకూ ఏడుసార్లు కూర్చున్నాం.

ఇంటికొచ్చి చెన్నమ్మకు ఉత్తరం రాశాను. "నాకు దగ్గు కొంచెం తగ్గింది. చెరువు కాడ ఇంట్లో కిటికీ గది నీకే. మంచు తేలేము, దారిలో కరిగిపోతుంది. జడ నేను వచ్చి నేర్పుతాను, కనకమ్మత్త చేత కత్తిరించుకోవద్దు." నాకు దగ్గు అని మొదటిసారి రాశాను. రాసినందుకు కొంపేమీ మునగలేదు అని ఇప్పుడు రాయలేను.

మే 29, గురువారం

ఈరోజు తైలం సీసా తీసుకుని ఆయన చొక్కా విప్పబోయారు. నేను సీసా లాక్కుని ఆయన చేతిలో పెట్టాను. "రోజూ నేనే రాస్తున్నా. ఈరోజు నాకు వీపు పట్టేసింది, మీరు రాయండి" అని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

సీసా మూత తీసిన చప్పుడు వినిపించింది. తైలం చల్లగా, ఆయన చెయ్యి వెచ్చగా. పుస్తెల గొలుసు పక్కకు జరిపి మెల్లగా రాస్తున్నారు. నేను మంచుకొండను చూస్తున్నాను. ఈ ఊరు వచ్చిన మొదటి రోజు అంత భయపెట్టింది, ఇప్పుడు అంత లేదు. అది చూపించాల్సింది చూపించేసింది.

"మోగించండి" అన్నాను.

చెయ్యి ఆగింది.

"ఏందీ?"

"పలకను ఎట్లా మోగిస్తారో అట్లా. నేను మీది రోజూ మోగించలేదూ? మీ చెవి నాకంటే మంచిది."

అప్పుడు ఆయనకు తెలిసిపోయింది. నేను చూశానని తెలిసింది. వెనక్కి తిరిగి ఆయన మొహం చూడలేదు, చూస్తే ఇద్దరం అక్కడే ఏడుస్తాం. ఎంతసేపటికో వేలు కణుపు నా వీపును తాకింది. కుడివైపు ఒకసారి. ఎడమవైపు ఒకసారి. మళ్ళీ కుడివైపు, కింద.

నేను కూడా విన్నాను. మన వీపు మోత మనకు లోపలి నుంచి వినపడుతుంది. పన్నెండేళ్ళు నేను ఎడమపక్కకు పెట్టిన పలకలు ఎన్ని వేలో. ఆ మోత నేను గుర్తుపట్టలేనా?

మాట లేకుండా ఉంటారనుకున్నాను. పద్ధతి అదే కదా.

"ఖరా" అన్నారు ఆయన. మళ్ళీ గట్టిగా, షెడ్డు చివర ఉన్న వాళ్ళకు వినపడేట్టు, "ఖరా!" అన్నారు.

ఇరవై ఏళ్ళలో ఆయన దబ్బుమన్న పలకకు ఆ మాట అనడం ఇదే.

"అయితే చట్రం బిగించండి మరి" అన్నాను.

ఆయన నా వీపు మీద నుంచి చెయ్యి తీయలేదు. నాకు దగ్గు వచ్చింది, ఆపుకోకుండా దగ్గాను. ఈసారి ఆయన తోడు దగ్గలేదు.